కొంగు మీద సేటు ముఖం

ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాయాలి. నాకు రిటైరయ్యే వయసు రాలేదు గానీ, నేను చేసిన ఉద్యోగం మాత్రం నాకంటే ముందే రిటైరయింది. ఇప్పుడు అందులో సగం పని కంప్యూటర్ తనంతట తానే చేసుకుంటోంది. మిగిలిన సగం కోసం సూరత్ డిజైన్ గదుల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కొందరు నన్ను సలహాలు అడుగుతుంటారు. నా దగ్గర సలహాలు లేవు. ఒక సంగతి ఉంది. జరిగి కొన్నేళ్ళయినా తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా నోరు తెరుచుకునే ఉంటుంది.

మాది సూరత్‌లోని లింబాయత్. నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడి పవర్‌లూమ్ మగ్గాల మీద బతికాడు. నేను టెక్స్‌టైల్ డిప్లొమా చేసి, మగ్గం దగ్గరికి కాకుండా మగ్గానికి బొమ్మను పంపే గదికి వెళ్ళాను. ఆ గదిలో మేం ముగ్గురం. మా అందరికంటే బాగా గీసేది ఒక అక్క. ఆమె మొగుడూ మగ్గం మనిషే, ఇల్లు గోడాదరాలో. రెండో మనిషి మాస్టర్, గదికి పెద్ద. మూడోవాణ్ణి నేను. పని పంపకం ఇలా ఉండేది: అక్క కాగితం మీద పెన్సిల్‌తో గీస్తుంది; నేను దాన్ని స్కాన్ చేసి, ఏ దారం పైకి లేవాలో ఏది కిందికి పోవాలో మగ్గానికి అర్థమయ్యే ఫైలుగా మారుస్తాను; మాస్టర్ దాని మీద తన పేరు వేస్తాడు.

సాంకేతిక విషయాలు రెండే చెబుతాను. ఒకటి, చీర కొంగు బొమ్మను ఎవరూ మొత్తం గీయరు. సగమే గీస్తారు. రెండో సగాన్ని కంప్యూటర్ అద్దంలో నీడలా తిప్పి పక్కన అతికిస్తుంది. రెండు, మా దగ్గర కొంగును చివర నేస్తారు కాబట్టి తెర మీదా, మగ్గం మీదా ఆ బొమ్మ తలకిందులుగా ఉంటుంది. భుజం మీంచి వేలాడదీసినప్పుడే అది నిటారుగా నిలబడుతుంది.

అక్కకు ఇంకో విద్య ఉంది. పాడైన గ్రాఫు కాగితాల వెనుక మనుషుల్ని గీసేది. పొగడ్త కోసం గీసే బొమ్మలు కావవి. మనిషిలో ఏది ఎక్కువో దాన్ని ఇంకాస్త ఎక్కువ చేసి గీసేది. మాస్టర్‌ను ఒకసారి పెద్ద రబ్బరు స్టాంపులా గీసింది: తల పిడి, కడుపు ముద్ర. నన్ను ముక్కు స్థానంలో స్కేలు పెట్టి, ఆ స్కేలుతో ఎవరి నవ్వునో కొలుస్తున్నట్టు గీసింది. నేను రెండు రోజులు అలిగాను. తరువాత ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని దాచుకున్నాను.

మాస్టర్‌కు ఇవి నచ్చేవి కావు.

"ఆడోళ్ల చెయ్యి పువ్వులకు, తీగెలకు మంచిది," అనేవాడు. "మంది మూతులు గీకుడు ఏందమ్మా? అది మొగోళ్ల పని. రేపు ఎవడన్న కొట్లాటకొస్తే మొగోడైతే నిలబడతడు."

"నిలబడ్డ మొగోన్ని నేనైతే ఇంక చూడలే మాస్టర్. చూస్తే గీస్త," అనేది అక్క పెన్సిల్ చెక్కుకుంటూ.

అక్క చిన్నప్పుడు ఊళ్ళో బడిలో లెక్కల సారును మేక మొహంతో పలక మీద గీసి దెబ్బలు తిన్నదట. సారు కొట్టాడు, ఆ కోపంలో అచ్చం మేకలాగే ఉన్నాడు, తను నవ్వింది, మళ్ళీ కొట్టాడు. ఆ కథ చెప్పి, "గప్పుడే సమజైంది తమ్మీ, బొమ్మ సరిగ్గ కుదిరిందో లేదో దెబ్బలే చెప్తయని," అనేది.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. మీలో చాలామంది అప్పుడు బడి పిల్లలు. మగ్గాలు ఆగిన లింబాయత్‌ను మీరు ఊహించలేరు. పుట్టినప్పటి నుంచీ ఆ టకటకల్లో నిద్రపోయినవాళ్ళం, అవి ఆగాక నిద్ర పట్టలేదు. సగం వీధి ఊరికి వెళ్ళిపోయింది. అక్క మొగుడు పెళ్ళికని ఊరెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఆమె, ఇద్దరు పిల్లలు గోడాదరాలో మిగిలారు.

మా సేటు తన మిల్లు గేటు దగ్గర రేషన్ కిట్ల సంచులు పంచాడు. బియ్యం మంచివే, ఆ మాట చెప్పాలి. కాకపోతే ప్రతి సంచి మీద ఆయన బొమ్మ అచ్చువేసి ఉండేది: గుండ్రటి బుగ్గలు, పైకి తిప్పిన మీసం, గడ్డం కింద వేలాడే మాస్కు. సంచి ఇచ్చేటప్పుడు ఫోటో తీసేవాళ్ళు. అక్క వరుసలో నిలబడి చేతులు చాపితే, గుజరాతీలో అక్కా అని పిలిచి, "బెన్, మాస్కు కిందికి లాగు, కొంచెం నవ్వు," అన్నారట. నవ్వింది. పిల్లలు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నారు మరి.

కొన్నాళ్ళకు ఆ ఫోటో గోడాదరా చౌరస్తాలో గోడంత ఫ్లెక్సీ అయి కూర్చుంది. ఇటు సేటు చేతులు జోడించి, అటు అక్క సంచి పట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. ఆ దారిన కూరగాయలకు పోయినప్పుడల్లా ఆమె తన మొహం కిందుగా నడవాలి. వీధి పిల్లలు ఆమెను "కిట్‌వాలీ ఆంటీ" అనడం మొదలుపెట్టారు. ఆమె కొడుకు ఆ మాటకు ఒకడితో కొట్లాడి పెదవి చిట్లించుకుని వచ్చాడు. ఫ్లెక్సీ దించమని ఆమె మిల్లుకు వెళ్ళి అడిగితే, "ఎంత మంచిగా వచ్చావు బెన్!" అని గేటు దగ్గరి మనిషి మెచ్చుకుని పంపాడు.

మగ్గాలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక ఒక రోజు మాస్టర్ డిజైన్ గదిలో ఫోన్ పట్టుకుని పడీపడీ నవ్వాడు. అందరి ఫోన్లలో తిరుగుతున్న ఒక బొమ్మ అది. ఒకే ఒక్క రేషన్ సంచి, దాన్ని ఇస్తున్న ఎనిమిది చేతులు, తీసుకునే మనిషి మాత్రం ఆ చేతుల వెనుక ఎక్కడో కనబడకుండా పోయింది.

"ఎవడో గని మస్తు గీసిండు," అన్నాడు మాస్టర్. "చూడుండ్రి, గీతల ఎంత దమ్మున్నదో! మొగోని చెయ్యి తెలుస్తనే ఉంటది."

అక్క తల ఎత్తలేదు. మాస్టర్ చాయ్‌కి వెళ్ళాక నేను అడిగాను.

"అక్కా, గిది నువ్వేనా?"

"నీకెట్ల తెలిసె?"

"నా ముక్కు గీసినప్పుడు గూడ గీతను గిట్లనే నడుమ ఆపినవ్."

ఆమె నావైపు కొత్తగా చూసింది. "అయితే నీ కండ్లు పని చేస్తయన్నట్టు. ఎప్పుడూ దారాలే లెక్కవెడతవ్ గద, అనుమానముండె."

ఆ అనుమానం నిజమేనని త్వరలోనే తేలింది.

పెళ్ళిళ్ళ సీజన్‌కు సేటు కొత్త కొంగు అడిగాడు. అక్క సగం కొంగు గీసి ఇచ్చింది: ఒక నెమలి, ఒక మామిడి పిందె, ఒక దీపం, మధ్య అంచున సగం తామర, కింద ఊయలలా వేలాడే పూలదండ. నేను నా పద్ధతిలో పరిశీలించాను. వెడల్పు సరిపోయిందా, రెండు సగాలు కలిసే చోట గీత తెగిందా, వెనుక వైపు దారాలు మరీ పొడుగ్గా వేలాడుతున్నాయా, రంగులు సరిగ్గా విడిపోయాయా. ప్రతి అంశం పక్కన టిక్కు పెట్టాను. బొమ్మను తిప్పి అతికించి, తలకిందులుగా పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మగ్గానికి పంపాను. మొదటి విడత చీరలు నేయడం అయింది.

మగ్గం నుంచి దిగిన చీరలు వెనుక వేలాడే దారాలు కత్తిరించడానికి వీధుల్లోని ఇళ్ళకు వెళతాయి. ఆ పని ఆడవాళ్ళదే. మా అమ్మ కూడా చేసేది. ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మానికి మేకు కొట్టి కొంగును వేలాడదీసుకుని, కత్తెర ఒళ్ళో పడేసి, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

"ఏందమ్మా?"

"ఏందంటవేంది కొడుకా! మీ సేటు బియ్యం సంచుల మీది నుంచి చీరల మీదికి ఎప్పుడెక్కిండు?"

నేను తిరిగి చూశాను. చూసి అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. రెండు పిందెలు రెండు బుగ్గలు. రెండు నెమలి తోకలు పైకి తిప్పిన మీసం. రెండు దీపాలు కళ్ళు. తామర ముక్కు. కింద పూలదండ, గడ్డానికి వేలాడే మాస్కు. నేను దారం దారంగా చూసిన బొమ్మ అది. నా చేతులతో రెండు సగాలు అతికించిన బొమ్మ. అందులో ఒక మనిషి మొహం ఉందన్న సంగతి నాకు మా గుమ్మంలో తెలిసింది.

మర్నాడు హైదరాబాద్ వ్యాపారి ఆ చీరలు చూడటానికి వస్తున్నాడు. పొద్దున్నే గదికి పరుగెత్తాను. అక్క ఒక్కతే ఉంది.

"అక్కా, మా అమ్మ చూసింది."

"నవ్విందా?"

"నవ్వుడు సంగతి తర్వాత! సేటు చూస్తే నీ నౌకరీ ఉంటదా? బావ ఇంక ఊర్నే ఉండె. నడుమ ఒక తీగె పెట్టి రెండు సగాలు జర దూరం జరిపితే మొఖం మాయమైతది. పది నిమిషాల పని. నేను జేస్త, ఎవ్వరికీ తెల్వది."

"జరుపుతవా?" అంది అక్క. "సేటు చూడక ముందే జరిపితే అది ఉత్త నెమలే గద తమ్మీ. నేను నెమళ్లు చానా గీసిన."

"మరి ఆయన చూసి గుర్తువట్టకపోతే?"

"గదే నా రంది," అంది. నౌకరీ గురించి కాదు ఆమె భయం.

వ్యాపారి, సేటు కలిసే వచ్చారు. కొంగును కొక్కేనికి వేలాడదీశారు. వ్యాపారి ముందుకూ వెనక్కూ నడిచి చూశాడు. "చాలా బాగుంది సేట్. ఇందులో ఏదో కళ ఉంది. చూస్తుంటే మనల్నే చూస్తున్నట్టుంది," అన్నాడు.

సేటు పొంగిపోయాడు. మాస్కు ఎప్పటిలాగే గడ్డం కింద. "అరే వాహ్! ఎవరు గీశారిది?"

"నేనే సేట్," అన్నాడు మాస్టర్, ప్రతిసారీ అన్నట్టే. ఊపిరి పీల్చినంత సహజంగా.

అక్క లేచి నిలబడింది. ఆమె హిందీలో మాట్లాడింది. నేను మా మాటలో చెబుతున్నాను. "సేట్, జర ఆ కొంగు పక్కకు నిలబడుండ్రి. మాస్కు గట్లనే ఉండనియ్యిండ్రి."

ఎందుకని కూడా అడగకుండా సేటు వెళ్ళి నిలబడ్డాడు. ఫోటోకు నిలబడటం ఆయనకు అలవాటే. అలవాటుగా చేతులు కూడా జోడించాడు. వ్యాపారి ఒకసారి కొంగును చూశాడు, ఒకసారి సేటును చూశాడు. వ్యాపారి మాస్కు వెనుక నుంచి వింత శబ్దం ఒకటి వచ్చింది. ఆయన నవ్వు ఆపుకోలేక జేబులోంచి ఫోన్ తీశాడు.

"సేట్, కొంచెం నవ్వండి," అన్నాడు.

సేటు నవ్వాడు. వ్యాపారి ఫోటో తీసి చూపించాడు. సేటు ఫోన్‌లోకి చూశాడు, వెనక్కి తిరిగి కొంగును చూశాడు, మళ్ళీ ఫోన్‌లోకి చూశాడు. ఆయన నవ్వు ఒక్కో అంగుళమే దిగిపోవడం నేను నా కళ్ళతో చూశాను. చెయ్యి మీసం మీదికి వెళ్ళింది, అక్కడ ఉందా లేదా అని తడుముకుంటున్నట్టు.

"మాస్టర్," అన్నాడు మెల్లగా. "ఇది నువ్వు గీశావా?"

మాస్టర్ అప్పటికి చూశాడు. పాపం, తను గీశానని చెప్పుకున్న బొమ్మను ఆయన మొదటిసారి సరిగ్గా చూడటం అదే. మొహం సున్నం కొట్టినట్టయింది.

"నేను కాదు సేట్! తల్లి తోడు, నేను కాదు! గామె గీసింది!"

"ఇప్పుడే నువ్వన్నావు కదా. అన్నీ నువ్వే గీస్తావు కదా?"

"ఒక్కటి గూడ నేను గియ్యలే సేట్! గామె వచ్చిన్నాటి సంది అన్నీ గామెనే. మొన్నటి హంస, అంతకు ముందటి గోపురం, దీపావళి చీర, అన్నీ! నేను పేరు ఏసిన, గంతే!"

అన్నేళ్ళుగా ఎవరూ చెప్పించలేకపోయిన మాటను మాస్టర్ తన ప్రాణం కాపాడుకోవడానికి అంత పెద్ద గొంతుతో చెప్పాడు. తను ఏం చెప్పాడో ఆయనకు ఇంకా తెలియలేదు. అక్కకు తెలిసింది.

"మాస్టర్," అంది చాలా మర్యాదగా, "గా మాట ఇంకోపారి చెప్పరాదు? సేటుకు సరిగ్గ వినవడనట్టుంది."

వ్యాపారి ఇటు తిరిగి ఆమెను చూశాడు. ఆ గదిలో ఆమె కూడా ఉందని ఆయన అప్పుడే గమనించినట్టున్నాడు.

సేటు అరవలేదు. అరుస్తాడని నేను సిద్ధపడి ఉన్నాను, అందుకే అది ఇంకా భయపెట్టింది. కుర్చీలో కూలబడి, "ఎందుకు బెన్? నీకు నేనేం చేశాను?" అన్నాడు. నిజంగానే ఆయనకు తెలియదు.

"చౌరస్తా కాడ నా మొఖం పెట్టిండ్రు."

"అదా! నీకు సంతోషమనుకున్నానే! ఆ ఫోటోలో ఎంత బాగా నవ్వావు!"

"మీరు నవ్వమన్నరు సేట్."

ఆయన చేతిలో వ్యాపారి ఫోన్ ఇంకా అలాగే ఉంది. అందులో తనూ నవ్వుతూనే ఉన్నాడు.

"నా మొఖాన్ని మీరు అడగకుంట తీస్కున్నరు," అంది అక్క. "మీ మొఖాన్ని నేను అడగకుంట తీస్కున్న. మీది ఇంక నయం. ఎవ్వరన్న గుర్తువడితేనే మీరు. నన్నైతే మా వాడకట్టంత గుర్తువడుతది."

సేటు లేచాడు. నాతో మాత్రం, "ఇందులోంచి నా ముఖం తీసెయ్," అన్నాడు.

"నాది గూడ," అంది అక్క.

ఆయన వ్యాపారిని తీసుకుని వెళ్ళిపోయాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని మధ్యలో తీగె పెట్టి రెండు సగాలను దూరం జరిపాను. నిజంగానే పది నిమిషాల పని. నెమళ్ళు నెమళ్ళయ్యాయి, పిందెలు పిందెలయ్యాయి. అక్క నా వెనుక నిలబడి ఆ ముఖం విడిపోవడం చివరిదాకా చూసింది. తరువాత పెన్సిళ్ళు డబ్బాలో వేసుకుని వెళ్ళిపోయింది. రేపు రానని చెప్పలేదు. రాలేదు. ముఖం లేని ఆ చీరకు పెద్ద ఆర్డరే వచ్చింది.

అక్క వెళ్ళిపోయిన మర్నాడు తెల్లారేసరికి గోడాదరా చౌరస్తాలో ఫ్లెక్సీ లేదు, వెదురు చట్రం ఒక్కటే ఉంది. సేటు దింపించాడని కొందరన్నారు. మున్సిపాలిటీ వాళ్ళు తీశారని మాస్టర్ అన్నాడు. ఆ రోజుల్లో మాస్టర్ ఏది చెప్పినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

అక్క మొగుడు ఊరి నుంచి తిరిగొచ్చాక వాళ్ళు నది అవతల అమ్రోలికి ఇల్లు మారారు. డిజైన్ గదిలో మాస్టర్ కొన్నాళ్ళు స్వయంగా గీశాడు. ఆ నెమళ్ళ గురించి నేనేమీ రాయను. చివరికి ఒక రోజు ఆయనే తలవంచుకుని, "జర అమ్రోలి పోయి అడిగి రా. ఇంటికాన్నుంచే గియ్యమను. ఏం గావాలంటే గది ఇస్తనన్నడు సేటు," అన్నాడు. ఇది నాకు తగిలిన ఇంకో షాకు. సేటు తన ముఖాన్ని వెక్కిరించిన చేతినే మళ్ళీ రమ్మంటున్నాడు. ఆమె ఒక్కటే అడిగింది: ఫైలు మీద మాస్టర్ పేరు ఉండే చోట తన పేరు ఉండాలి. సేటు ఒప్పుకున్నాడు. ఆ పేరును మొదటిసారి టైపు చేసింది నేనే.

ఆ ఫైలు చూపించడానికి మళ్ళీ అమ్రోలి వెళ్ళిన రోజు కుండపోత వాన. సూరత్‌లో పాత ఫ్లెక్సీ ఏదీ వృథా పోదు, వానాకాలంలో అన్నీ ఎవరో ఒకరి ఇంటి కప్పు మీదికే చేరతాయి. అక్క వాళ్ళ వంటగది ముందు రేకు మీద కూడా ఒకటి కప్పి, తాళ్ళతో గట్టిగా కట్టి ఉంది. దాని మీద సేటు వానలో తడుస్తూ ఆకాశానికి చేతులు జోడించి దండం పెడుతున్నాడు. ఆయన పక్కన గుండ్రంగా, చాలా శుభ్రంగా కత్తిరించిన ఒక రంధ్రం.

"అక్కా! గిది నువ్వే దింపినవా?"

"మా పోరడు నిచ్చెన పట్టుకుండు. ఎక్కింది నేనే," అంది. "నిజం చెప్పాలె, సేటు మంచోడే. ఒక్క చుక్క కారనియ్యడు."

"మరి ఆ తీసిన ముక్క?"

ఆమె గోడ వైపు గడ్డం ఎత్తి చూపింది. బొమ్మలు గీసే బల్లకు పైన ఆమె ముఖం మేకుకు వేలాడుతోంది. ఫోటోలో కిందికి లాగించిన మాస్కును ఆమె నల్ల స్కెచ్ పెన్నుతో మళ్ళీ పైకి గీసింది. పళ్ళు, పెదాలు, బుగ్గలు అన్నీ గీతల కింద మూసుకుపోయాయి. పైన కళ్ళు మాత్రం మిగిలాయి. నేను అలవాటు కొద్దీ దగ్గరికి వెళ్ళి గీత గీతా చూశాను. ఏమీ అర్థం కాలేదు. వెనక్కి నడిచి గుమ్మంలో నిలబడి చూశాను. అప్పుడూ తెలియలేదు.

"ఏం గొలుస్తున్నవ్ తమ్మీ?" అంది అక్క వెనుక నుంచి. "గిప్పుడు నవ్వుతున్ననో లేదో నీకెట్ల తెలుస్తది?"